డాక్టరు రాసిన మందు, డీయూఐ కేసు, చెరిపినా మిగిలే రికార్డు

తెలుగులో జబ్బు తగ్గించేదీ మందే, మత్తెక్కించేదీ మందే. సందర్భాన్ని బట్టి ఏ మందో తెలిసిపోతుంది కాబట్టి మనకు ఇబ్బంది లేదు. అమెరికాలో స్టీరింగు ముందు కూర్చున్న మనిషి విషయానికి వచ్చేసరికి చాలా రాష్ట్రాల చట్టాలు కూడా ఈ రెండింటినీ ఒకే గాటన కడతాయి. చుక్క మద్యం ముట్టనివాళ్లు, డాక్టరు చెప్పిన మాత్రను చెప్పినట్టే వేసుకున్నవాళ్లు కూడా మత్తులో వాహనం నడిపారన్న అభియోగంలో చిక్కుకునేది అందుకే. కొన్ని రాష్ట్రాల్లో దీన్ని డీయూఐ అంటారు, కొన్నిచోట్ల డీడబ్ల్యూఐ అంటారు. పేరేదైనా సారం ఒకటే.

రెండో అయోమయం కేసు ముగిశాక మొదలవుతుంది. ‘ఫరవాలేదు, రికార్డు చెరిపించుకోవచ్చు’ అని తెలిసినవాళ్లు ధైర్యం చెబుతారు. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఏ రికార్డు, ఎవరి దగ్గరున్నది, ఎవరి కళ్లకు కనపడకుండా పోతుంది అన్నవి విడివిడిగా అడగాల్సిన ప్రశ్నలు. కేసు ఏ పేరుతో ముగిసిందన్నదాన్ని బట్టే తర్వాత ఎంత చెరుగుతుందో తేలుతుంది కాబట్టి రెండు విషయాలనూ కలిపి చూద్దాం.

చీటీ ఒక ప్రశ్నకు జవాబు, కేసు అడిగేది మరో ప్రశ్న

డాక్టరు చీటీ తేల్చేది ఒక్కటే: ఈ మందు మీ దగ్గర ఉండటం, మీరు దాన్ని వేసుకోవడం నేరం కాదు. ఆ గంటలో, ఆ రోడ్డు మీద మీరు బండిని సరిగ్గా నడపగల స్థితిలో ఉన్నారా అన్నది డీయూఐ కేసు అడిగే ప్రశ్న. కాలిఫోర్నియా వెహికల్ కోడ్‌లోని 23630వ సెక్షన్ దీన్ని నేరుగానే చెబుతుంది: ఆ మందు వాడే హక్కు ఉందన్న కారణంతో ఈ అభియోగం నుంచి తప్పించుకోవడం కుదరదు. టెక్సస్ శిక్షాస్మృతిలోని 49.10 సెక్షన్ సారాంశమూ ఇదే.

కాలిఫోర్నియాలో ‘డ్రగ్’ అన్న మాటకు నిర్వచనం చాలా విశాలమైనది. మద్యం కాకుండా, నాడీ వ్యవస్థ మీద, మెదడు మీద లేదా కండరాల మీద పనిచేసి, నడిపే సామర్థ్యాన్ని చెప్పుకోదగ్గంతగా తగ్గించగల పదార్థం ఏదైనా డ్రగ్గే. నిద్ర కోసం వాడే జోల్పిడెమ్, ఆందోళనకు ఇచ్చే ఆల్ప్రజోలామ్, నొప్పికి రాసే ఆక్సికోడోన్ ఇందులోకి వస్తాయని ఎవరైనా ఊహిస్తారు. చీటీ లేకుండానే కొనుక్కునే అలర్జీ మాత్ర డైఫెన్‌హైడ్రమైన్ కూడా వస్తుందని మాత్రం చాలామందికి తట్టదు. జ్యూరీ తేల్చాల్సింది మందు పేరును కాదు. మత్తులో లేని మనిషి మామూలు జాగ్రత్తతో ఎలా నడుపుతాడో అలా నడపలేని స్థితికి నిందితుడు చేరాడా లేదా అన్నదాన్నే.

అన్ని రాష్ట్రాలూ ఇలా లేవు. న్యూయార్క్ చట్టం ప్రజారోగ్య చట్టంలోని ఒక జాబితా మీద ఆధారపడింది. జాబితాలో ఉన్నదే డ్రగ్. ఏరోసోల్ డబ్బాలోని వాయువును పీల్చి కారు నడిపి, ఒకరి ప్రాణం పోవడానికి కారణమైన వ్యక్తి కేసులో 2007లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం మత్తు డ్రైవింగ్ అభియోగాలు నిలవవని తీర్పునిచ్చింది. ఆ రసాయనం జాబితాలో లేదు, ‘ఇన్‌టాక్సికేటెడ్’ అన్న మాట మద్యానికే వర్తిస్తుంది అన్నది కోర్టు తర్కం. జాబితా పద్ధతిలో పౌరుడికి హద్దు ఎక్కడుందో ముందే తెలుస్తుంది. కానీ జాబితాకు అందని ప్రమాదాలు తప్పించుకుపోతాయి. విశాల నిర్వచనంలో ప్రమాదాలు తప్పించుకోవు, హద్దు మాత్రం మసకబారుతుంది.

అరిజోనా చట్టంలో రెండు పొరలున్నాయి. నిర్దేశిత డ్రగ్గు శరీరంలో ఉండటమే నేరమన్న క్లాజుకు ‘డాక్టరు రాసినట్టే వాడాను’ అన్నది చెల్లుబాటయ్యే జవాబు. నడిపే సామర్థ్యం ‘కొద్దిపాటిగానైనా’ దెబ్బతినడం నేరమన్న ఇంకో క్లాజుకు అదే జవాబు పనికిరాదు. ఒకే మనిషి మీద, ఒకే ఘటనలో రెండు క్లాజులూ మోపవచ్చు.

మద్యానికి ఉన్న గీత మందులకు ఎందుకు లేదు

మద్యం విషయంలో రక్తంలో 0.08 శాతం అన్న గీత దాదాపు అమెరికా అంతటా ఉంది. యూటా 2018 డిసెంబరు 30 నుంచి దాన్ని 0.05కు దించింది. మందులకు ఇలాంటి గీత గీయడం కష్టం. ఏళ్ల తరబడి ఒకే మోతాదులో నొప్పి మందు వాడుతున్న మనిషి శరీరం దానికి అలవాటు పడిపోతుంది. అతని రక్తంలో మందు ఎక్కువే ఉన్నా చేయి వణకదు. నిన్ననే మొదటిసారి సగం మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో దానికన్నా తక్కువ ఉన్నా తూలిపోవచ్చు. రక్తపరీక్ష మందు ఉందని చెబుతుంది, మనిషి ఎలా ఉన్నాడో చెప్పదు.

మనిషికి తన స్థితి తనకే తెలియకపోవచ్చు కూడా. అయోవా విశ్వవిద్యాలయం డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద 40 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2000లో వెలువడ్డాయి. డైఫెన్‌హైడ్రమైన్ వేసుకున్నప్పుడు వాళ్ల డ్రైవింగ్, దాదాపు 0.1 శాతం మద్యం స్థాయిలో ఉన్నప్పటికన్నా అధ్వానంగా ఉందని తేలింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ అధ్యయనంలోని మరో ఫలితం: తమకు ఎంత మగతగా ఉందని వాళ్లు చెప్పుకున్నారో, నిజంగా ఎంత తప్పుగా నడిపారో, ఈ రెండింటికీ పొంతన అంతగా కుదరలేదు. ‘నాకు బాగానే ఉందనిపించింది’ అని చెప్పే డ్రైవరు అబద్ధమాడుతున్నాడని అనుకోనక్కర లేదు. అయినా ఆ మాట చట్టం ముందు పెద్దగా నిలవదు.

జోల్పిడెమ్ కథ దీనికి ఇంకో కోణం. 10 మిల్లీగ్రాముల మోతాదు వేసుకుని ఎనిమిది గంటలు గడిచాక కూడా దాదాపు 15 శాతం మహిళల్లో, 3 శాతం పురుషుల్లో డ్రైవింగ్‌ను దెబ్బతీయగల స్థాయిలో మందు మిగిలి ఉంటోందని గమనించి, అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2013 జనవరిలో మహిళలకు సిఫారసు చేసే మోతాదును సగానికి, అంటే 5 మిల్లీగ్రాములకు తగ్గించమంది. అంతకు ముందు వరకు డాక్టరు రాసిన పూర్తి మోతాదునే వేసుకుని, రాత్రంతా నిద్రపోయి, పొద్దున్నే కారు తీసిన మహిళలు అందరిలాగే నమ్మకంగా నడిపారు. 2019లో ఈ కోవ నిద్రమాత్రల మీద, నిద్రలోనే లేచి కారు నడపడం వంటి ప్రవర్తన గురించి, లేబుల్ మీద పెట్టె కట్టి ముద్రించే, అన్నిటికన్నా తీవ్రమైన హెచ్చరికను కూడా ఆ సంస్థ తప్పనిసరి చేసింది.

గీత గీయడం అసాధ్యమేమీ కాదని వాదించేవారు బ్రిటన్‌ను చూపిస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 మార్చి 2 నుంచి డయజెపామ్, మార్ఫిన్ వంటి ఎనిమిది వైద్య ఔషధాలకు రక్తంలో పరిమితులు పెట్టారు. సలహా ప్రకారం వాడిన రోగికి ‘వైద్య కారణం’ అనే రక్షణనూ ఇచ్చారు. అయితే అక్కడ కూడా నడిపే సామర్థ్యం దెబ్బతిన్నదని విడిగా రుజువైతే ఆ రక్షణ వర్తించదు. సంఖ్య పెట్టినా, చివరికి మనిషి స్థితి అన్న ప్రశ్న దగ్గరికే రావలసి వచ్చింది.

రోడ్డు పక్కన ఏం జరుగుతుంది: ఒక ఊహాజనిత ఉదాహరణ

కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న ఒక మహిళను ఊహించుకుందాం. రాత్రి పన్నెండున్నరకు జోల్పిడెమ్ వేసుకుంది. ఉదయం ఆరింటికే కారు తీసింది. గీత దాటి పక్క లేన్‌లోకి రెండుసార్లు వెళ్లింది. పోలీసు ఆపాడు. శ్వాస పరీక్షలో 0.00 వచ్చింది. మద్యం కేసైతే కథ చాలావరకు అక్కడే ముగిసేది.

ఆమె మాట తడబడుతోంది, కళ్లు బరువుగా ఉన్నాయి. పోలీసు అడిగితే దాపరికం లేకుండా చెప్పింది: ‘రాత్రి నిద్రమాత్ర వేసుకున్నాను, డాక్టరు రాసిందే.’ తన నిర్దోషిత్వానికి ఆధారమని ఆమె నమ్మిన ఈ వాక్యం ప్రాసిక్యూటర్ చేతిలో మొదటి సాక్ష్యం అవుతుంది. సీసా మీద అతికించిన ‘ఈ మందు మగత కలిగించవచ్చు’ అన్న చిన్న కాగితం రెండోది.

తర్వాత డ్రగ్ రికగ్నిషన్ ఎక్స్‌పర్ట్ అనే ప్రత్యేక శిక్షణ పొందిన అధికారిని పిలవవచ్చు. 1970లలో లాస్ ఏంజెలెస్ పోలీసులు మొదలుపెట్టిన పద్ధతి ఇది. పన్నెండు అంచెల్లో నాడి, రక్తపోటు, కనుపాపల పరిమాణం, కండరాల బిగువు, నిలబడి చేసే పరీక్షలు అన్నీ చూసి, ఏడు వర్గాల్లో ఏ వర్గపు పదార్థం ప్రభావంలో ఉన్నారో అధికారి తన అభిప్రాయం చెబుతాడు. రక్తపరీక్షకు సాధారణంగా సమ్మతి గానీ కోర్టు వారంటు గానీ కావాలి. అరెస్టు చేసినంత మాత్రాన వారంటు లేకుండా రక్తం తీయడం కుదరదని, శ్వాస పరీక్ష మాత్రం చేయవచ్చని సుప్రీంకోర్టు 2016లో బర్చ్‌ఫీల్డ్ కేసులో స్పష్టం చేసింది.

ఈ పద్ధతి మీద గట్టి వాదనలున్నాయి. భయంతో నాడి వేగం పెరుగుతుంది, నిద్రలేమితో కళ్లు ఎర్రబడతాయి, మోకాలి నొప్పి ఉన్నవాళ్లు ఒంటికాలి మీద నిలబడలేరు, వీటన్నిటినీ మందు ఖాతాలో వేస్తున్నారని డిఫెన్స్ న్యాయవాదులు అంటారు. మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం 2017లో గంజాయి విషయంలో ఇలాంటి ఆక్షేపణనే కొంతవరకు ఒప్పుకుంది. రోడ్డు పక్కన చేసే పరీక్షల్లో తప్పటడుగులు పడినంత మాత్రాన గంజాయి ప్రభావం రుజువైనట్టు కాదంది. పోలీసుల వైపు వాదన కూడా తేలిగ్గా తీసేయదగినది కాదు: సంఖ్య లేనిచోట మనిషిని జాగ్రత్తగా పరిశీలించడం తప్ప దారేముంది? ఒక్క లక్షణం మీద కాకుండా పన్నెండు అంచెల మీద, ఆపైన రక్తపరీక్ష మీద ఆధారపడుతున్నాం కదా అని వాళ్లు అడుగుతారు.

పొరపాటున వేసుకుంటే: రెండు ప్రముఖ కేసులు

2012 జులైలో రాబర్ట్ కెనడీ కుమార్తె కెర్రీ కెనడీ న్యూయార్క్ రాష్ట్రంలో అరెస్టయ్యారు. థైరాయిడ్ మాత్ర అనుకుని పొరపాటున జోల్పిడెమ్ వేసుకున్నానని ఆమె చెప్పారు. వేసుకోవడం పొరపాటే కావచ్చు, మగత మొదలైనప్పుడైనా కారు ఆపి ఉండాల్సిందని ప్రాసిక్యూషన్ వాదించింది. తనకు ఆ స్పృహే లేకపోయిందన్నది ఆమె జవాబు. 2014 ఫిబ్రవరిలో జ్యూరీ ఆమెను నిర్దోషిగా తేల్చింది. ఇష్టపూర్వకంగా తీసుకోకపోవడం అన్న వాదన నిలబడే అవకాశం ఉందని ఈ కేసు చూపింది. చీటీ ప్రకారం తెలిసి వేసుకున్నవారికి ఈ దారి ఇంత తేలిగ్గా తెరుచుకోదు.

గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్‌ది మరో రకం ముగింపు. 2017 మేలో ఫ్లోరిడాలో రోడ్డు మీద ఆగి ఉన్న కారులో నిద్రపోతూ పోలీసులకు కనిపించారు. శ్వాస పరీక్షలో మద్యం సున్నా. మందులు ఒకదానితో ఒకటి కలిసి అనుకోని ప్రభావం చూపాయని ఆయన ప్రకటించారు. అక్టోబరులో నిర్లక్ష్యంగా నడపడం అన్న తక్కువ అభియోగాన్ని ఒప్పుకుని, మొదటిసారి కేసుల్లో ఇరుక్కున్నవారి కోసం ఉన్న ప్రత్యేక కార్యక్రమంలో చేరారు. డీయూఐ అన్న పేరు పోయి ‘రెక్‌లెస్’ అన్న పేరు రావడం ఎంత పెద్ద తేడానో ఫ్లోరిడా చట్టం గురించి చెప్పేచోట తెలుస్తుంది.

‘చెరపడం’ అన్న ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు పనులు

రికార్డు చెరపడం అని మనం ఒకే మాటగా అనేదాన్ని చట్టం విడగొట్టి చూస్తుంది. ఎక్స్‌పంజ్‌మెంట్ అంటే కచ్చితమైన అర్థంలో రికార్డును నాశనం చేయడం లేదా లేనట్టే భావించడం. సీలింగ్ అంటే ఫైలు అలాగే ఉంటుంది, కానీ ప్రజలకు, చాలామంది యజమానులకు కనపడదు. పోలీసులకు, కోర్టులకు కనపడుతుంది. మూడోది, శిక్ష పూర్తయ్యాక నేర నిర్ధారణను వెనక్కి తీసుకుని కేసు కొట్టివేయడం. నాలుగోది క్షమాభిక్ష, అంటే నేరం జరిగిందన్న మాట అలాగే ఉంటుంది, క్షమించారు. పైగా ఒక రాష్ట్రం ఎక్స్‌పంజ్‌మెంట్ అని పిలిచేది నిజానికి సీలింగే కావచ్చు.

మన ఉదాహరణలోని మహిళ దగ్గరికి తిరిగి వద్దాం. ఆమె కేసు కొట్టేస్తే, లేదా నిర్దోషిగా తేలితే, అరెస్టు రికార్డు మాత్రం మిగులుతుంది. 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం నేరం రుజువుకాని అరెస్టును సీల్ చేయమని ఆమె కోరవచ్చు. కేసు ‘వెట్ రెక్‌లెస్’ (మద్యమో మందో ప్రమేయమున్న నిర్లక్ష్యపు డ్రైవింగ్) అనే తక్కువ అభియోగంతో ముగిస్తే శిక్ష తేలికవుతుంది. కానీ పదేళ్లలోపు మరో డీయూఐ వస్తే పాతదాన్ని డీయూఐగానే లెక్కగడతారు. దోషిగా తేలితే మూడు నుంచి ఐదేళ్ల ప్రొబేషన్ (కోర్టు షరతులకు లోబడి ఉండే గడువు) ఉంటుంది. అది పూర్తయ్యాక శిక్షాస్మృతి 1203.4 సెక్షన్ కింద ఒప్పుకోలును ఉపసంహరించుకుని కేసు కొట్టివేయించుకోవచ్చు. చాలామంది ఎక్స్‌పంజ్‌మెంట్ అనేది దీన్నే. ఇది ప్రైవేటు ఉద్యోగాల వేటలో నిజమైన ఊరట. అయినా పదేళ్ల లెక్క చెరగదు, లైసెన్సు సస్పెన్షన్ పోదు, ప్రభుత్వ లైసెన్సుల దరఖాస్తుల్లో అడిగితే చెప్పక తప్పదు.

రాష్ట్రం మారితే దారి మారుతుంది

ఫ్లోరిడాలో డీయూఐ నేరం రుజువైతే దాన్ని సీల్ చేయించుకునే దారి లేదు. దోషిగా అధికారికంగా నిర్ధారించకుండా వదిలిపెట్టే వెసులుబాటు చాలా నేరాలకు అక్కడ న్యాయమూర్తికి ఉంది. డీయూఐకి మాత్రం చట్టమే దాన్ని నిషేధించింది. సీలింగ్‌కు అర్హత ఆ వెసులుబాటు మీదే ఆధారపడింది. అభియోగం రెక్‌లెస్‌గా మారితే ఆ తలుపు తెరుచుకోవచ్చు.

టెక్సస్ 2017 సెప్టెంబరు 1 నుంచి మొదటిసారి కేసుల్లో, మద్యం స్థాయి 0.15 కన్నా తక్కువైతే, షరతులతో రికార్డును బయటపెట్టకుండా ఉంచే ఉత్తర్వుకు వీలిచ్చింది. మిషిగన్ 2022 ఫిబ్రవరి నుంచి మొదటి డీయూఐని దరఖాస్తుపై తొలగించనిస్తోంది. న్యూయార్క్‌లో 2024 నవంబరులో అమల్లోకి వచ్చిన క్లీన్ స్లేట్ చట్టం, అర్హత ఉన్న చిన్న నేరాలను మూడేళ్లకు, పెద్ద నేరాలను ఎనిమిదేళ్లకు దరఖాస్తు లేకుండానే సీల్ చేస్తుంది. పెన్సిల్వేనియాలో మొదటిసారి కేసుల్లో ఇరుక్కున్నవారు ఏఆర్‌డీ అనే కార్యక్రమం పూర్తిచేస్తే కోర్టు రికార్డు తొలగుతుంది, రవాణా శాఖ మాత్రం తన రికార్డును పదేళ్లు ఉంచుకుంటుంది.

డీయూఐని అసలు చెరపనివ్వాలా అన్న వాదనలో రెండు వైపులా బరువుంది. మళ్లీ మళ్లీ అదే తప్పు చేసే డ్రైవరును గుర్తించాలంటే పాత రికార్డు ఉండాల్సిందే, రోడ్డు మీద పోయే ప్రాణాలు ఎవరివో ముందే చెప్పలేం కదా అన్నది ఒక వైపు. మోతాదు విషయంలో జరిగిన ఒక్క పొరపాటు పదిహేనేళ్ల తర్వాత కూడా నర్సు ఉద్యోగానికో అద్దె ఇంటికో అడ్డుపడటం శిక్షను మించిన శిక్ష అన్నది రెండో వైపు. చాలా రాష్ట్రాలు మధ్యేమార్గం పట్టాయి: యజమానుల నుంచి దాచడం, కోర్టుల కోసం ఉంచడం. మద్యం తాగి నడిపినవాడికీ మందు మగతలో నడిపినవాడికీ రికార్డులో పెద్దగా తేడా చూపకపోవడం మాత్రం నాకు అన్యాయంగానే తోస్తుంది. టెక్సస్ చట్టంలోని 0.15 వంటి కొలతలు మద్యాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

రికార్డు ఒక్కచోట ఉండదు

కోర్టు ఉత్తర్వు కోర్టు ఫైలును, రాష్ట్ర నేర రికార్డును తాకుతుంది. వాహన శాఖ దగ్గరున్న డ్రైవింగ్ చరిత్ర వేరే లెక్క. లారీలు, బస్సులు నడిపే వాణిజ్య లైసెన్సు ఉన్నవారి ట్రాఫిక్ శిక్షలను రాష్ట్రాలు మరుగుపరచడాన్ని కేంద్ర (ఫెడరల్) నిబంధనలు నిషేధించాయి. ఉద్యోగ దరఖాస్తుదారుల వివరాలు అమ్మే ప్రైవేటు కంపెనీలు ఎప్పుడో కొనిపెట్టుకున్న పాత నకళ్లు సీలింగ్ తర్వాత కూడా పైకి తేలుతుంటాయి. 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ఆ నివేదికలు వీలైనంత కచ్చితంగా ఉండేలా జాగ్రత్త తీసుకోవాలంటుంది కాబట్టి తప్పును సవాలు చేసే హక్కు ఉంది. అయితే ఆ సవాలు సాధారణంగా ఒక ఉద్యోగం చేజారాకే మొదలవుతుంది.

వీసా మీద ఉన్నవారికి లెక్క వేరు

తెలుగు కుటుంబాలకు ఎక్కువగా తగిలేది ఈ భాగమే. కేంద్ర వలస చట్టం నేర నిర్ధారణకు తన సొంత నిర్వచనం పెట్టుకుంది. నేరం ఒప్పుకుని, ఏదో ఒక శిక్షో ఆంక్షో పడితే చాలు. తర్వాత రాష్ట్రం దయతలచి చెరిపినా అది వలస చట్టం దృష్టిలో మిగిలే ఉంటుందని 1999లో వలస అప్పీళ్ల బోర్డు తేల్చింది. అదే బోర్డు 2003లో ఒక తేడా గుర్తించింది: మొదటి విచారణలోనే చట్టపరమైన లోపం ఉందని కోర్టు తీర్పును రద్దు చేస్తే, అప్పుడు ఆ నేర నిర్ధారణ లేనట్టే. మన ఉదాహరణలోని మహిళకు 1203.4 కింద వచ్చిన కొట్టివేత మొదటి కోవలోకి వస్తుంది.

మందు పేరు కూడా ఇక్కడ ముఖ్యమవుతుంది. కేంద్రం నియంత్రించే పదార్థాలకు సంబంధించిన నేరాలు వలస చట్టంలో విడిగా దేశ బహిష్కరణకు దారితీయగల కారణం. జోల్పిడెమ్, ఆల్ప్రజోలామ్ ఆ నియంత్రిత జాబితాలో ఉన్నాయి, డైఫెన్‌హైడ్రమైన్ లేదు. నేరానికీ కేంద్ర జాబితాలోని పదార్థానికీ ముడి ఉండాలని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. అందుకే వలస చట్టం తెలిసిన న్యాయవాదులు ప్రాసిక్యూషన్‌తో కుదిరే ఒప్పందంలో ఏ సెక్షన్ రాస్తున్నారు, ఏ మందు పేరు రికార్డుకెక్కుతోంది అన్నదాని మీద అంతగా పట్టుబడతారు.

శిక్ష దాకా వెళ్లకముందే మరో దెబ్బ తగలవచ్చు. 2015 నవంబరు నుంచి విదేశాంగ శాఖ, ఐదేళ్లలోపు మత్తు డ్రైవింగ్ అరెస్టు కనపడితే వీసాను ముందుజాగ్రత్తగా రద్దు చేసే విధానం పాటిస్తోంది. దానికి నేరం రుజువుకానక్కర లేదు, అరెస్టు చాలు. వీసా స్టాంపు రద్దు కావడం, అమెరికాలో ఉండే హోదా పోవడం రెండూ వేర్వేరు. కానీ ఒకసారి దేశం దాటితే కొత్త వీసా, దానికి ముందు కాన్సులేట్ సూచించిన డాక్టరు దగ్గర వైద్య పరీక్ష ఎదురవుతాయి. వీసా దరఖాస్తు ఫారం ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతుంది, క్షమాభిక్ష వంటివి వచ్చినా సరే చెప్పమంటుంది. చెరిగిపోయిందన్న నమ్మకంతో ‘లేదు’ అని రాస్తే, అసలు కేసుకన్నా ఆ అబద్ధమే పెద్ద సమస్యగా మారుతుంది.

రికార్డును నిజంగానే నాశనం చేసే రాష్ట్రాల్లో ఇంకో చిక్కు పొంచి ఉంది. కేసు ఎలా ముగిసిందో ధ్రువీకరించిన కోర్టు కాగితం తెమ్మని వలస అధికారి అడుగుతాడు. కోర్టు గుమాస్తా అలాంటి ఫైలే లేదంటాడు. అందుకే అనుభవమున్న న్యాయవాదులు ఎక్స్‌పంజ్‌మెంట్ ఉత్తర్వు మీద సంతకం పడకముందే తీర్పు ధ్రువీకృత ప్రతులు రెండు మూడు తీసి, క్లయింటు చేతికిచ్చి భద్రపరుచుకోమంటారు.